సినిమాకి బయలుదేరేముందు సైటు ముట్టుకోకు

అమ్మడూ,

నీ ఉత్తరం చదివాను. శని, ఆదివారాలు రెండూ ఖాళీ అనీ, మూడు సినిమాలు చూసేసి మిగతా టైంలో నీ వెబ్‌సైటుని 'కొంచెం' బాగుచేసుకుంటాననీ రాశావు. ఆ 'కొంచెం' దగ్గర నవ్వాగలేదు. ఇరవయ్యేళ్లుగా నేనూ అదే మాట అంటున్నాను. సైటు కెలకడానికి కూర్చున్నాక కొంచెం అనేది ఉండదు. ఎక్కడో ఒక గీత పక్కకి జరిగిందని సరిచేయబోతావు. అది సరయ్యాక ఇంకోటి వంకరగా కనిపిస్తుంది. తల ఎత్తేసరికి కిటికీ బయట చీకటి.

సినిమా అలా కాదు. దానికో టైముంది. లైట్లు ఆరతాయి, మళ్లీ వెలుగుతాయి. మధ్యలో నువ్వు చేయగలిగింది కూర్చుని చూడటమే. ఒకటి మొదలూ చివరా ఉన్న పని, ఇంకొకటి ఏ చివరా లేని పని. ఈ రెండూ ఒకే వారాంతంలో పెట్టుకుంటే రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. నాకెలా తెలుసంటే, మింగింది కాబట్టి.

ఒక శనివారం మ్యాట్నీకి టికెట్ తీసుకున్నాను. బయలుదేరడానికి ఇంకా అరగంటుంది. ఊరికే కూర్చోవడమెందుకని, సైటులో పాత పేజీల చిరునామాలన్నీ ఒక పద్ధతిలోకి తెచ్చే పని పెట్టుకున్నాను. పేర్లు మార్చాను, సర్వర్‌కి ఎక్కించాను, తాళం వేసుకుని వెళ్లిపోయాను. హాల్లో చీకటి పడ్డాక గుర్తొచ్చింది, పాత చిరునామా కొట్టినవాళ్లని కొత్తదానికి మళ్లించే లైన్లు రాయడం మర్చిపోయానని. ఇక చూసుకో. తెర మీద ఎవరో ఎవరికోసమో ఏడుస్తున్నారు, నేను మాత్రం ఎన్ని పేజీలు 404, అంటే 'పేజీ దొరకలేదు' అని, చూపిస్తున్నాయో లెక్కేసుకుంటున్నాను. ఫోన్ తీద్దామంటే ఆ వెలుగు వెనకవాళ్ల కళ్లలో పడుతుంది. తీయకపోతే కాలు ఆగదు. ఆ సినిమా కథ ఇవాళ్టికీ నాకు తెలీదు. ఎవరైనా దాని గురించి మాట్లాడితే తల ఊపుతాను, అంతే.

అందుకే నీకు చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఒకటే. సినిమాకి బయలుదేరే వేళ సైటులో ఏదీ మార్చకు. అక్షరదోషం కనిపించినా కాగితం మీద రాసుకుని వెళ్లు. ఆ తప్పు ఆరు నెలలుగా అక్కడే ఉంది, ఇంకో మూడు గంటలు ఉంటే కొంపలేమీ మునగవు.

శుక్రవారం రాత్రే రెండు పనులు చేసి పెట్టుకో. మొదటిది, సైటు ఫోల్డరు మొత్తాన్ని కాపీ చేసి దాని పేరులో తేదీ పెట్టు. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, అన్నీ అంకెల్లో. 2025-01-04 అని అలా రాస్తే ఫైళ్లు పేరు వరసలో పేర్చినప్పుడు కాలక్రమం కూడా దానంతటదే వస్తుంది. రోజు ముందు రాశావో, ఒకటో తారీఖులన్నీ ఒకచోట గుంపుగా చేరి కూర్చుంటాయి. నీకు గిట్ (ఫైళ్లలో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం) వచ్చు కదా, ఇంకా మంచిది, ఒక కమిట్ చేసి, అంటే అప్పటికున్న స్థితిని అందులో దాచి, పడుకో. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టానికి మూలమైన కోడ్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తన ప్రాజెక్టు అవసరం కోసం తయారుచేసిన పనిముట్టు అది. వేలమంది చేతులు పడే కోడ్ కోసం పుట్టినా, ఒక్క మనిషి తనని తాను కాపాడుకోవడానికి కూడా బాగానే పనికొస్తుంది. రెండో పని, ఈ వారాంతం సైటులో ఏం మార్చాలో ఒక చీటీ మీద రాయి. ఒక్కటే రాయి. రెండోది రాయబోతున్న చెయ్యి ఆపుకో.

ఇక సినిమాలు. మూడు ఎక్కువ, రెండు చాలు. చూడలేవని కాదు, చూస్తావు. మూడోదాని ధాటికి మొదటిది తుడిచిపెట్టుకుపోతుంది. నా మాటమీద నమ్మకం లేకపోతే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త మాట విను. అర్థంలేని అక్షరాల గుత్తులు కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీద తనే లెక్కగట్టుకుని 1885లో అచ్చువేశాడు. మరుపు నెమ్మదిగా, రోజుకింత అని రాదట. మొదటి గంటల్లోనే పెద్ద ముక్క ఊడిపోతుంది, మిగిలింది మెల్లగా అరుగుతుంది. సినిమా అర్థంలేని అక్షరాల గుత్తి కాదులే (కొన్ని ఉన్నాయి). కానీ హాల్లోంచి బయటికొచ్చినప్పుడు ఛాతీలో ఉన్న బరువు మర్నాడు పొద్దున్నకి ఒక పేరూ రెండు డైలాగులుగా మిగలడం నీకూ అనుభవమే కదా. కాబట్టి శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. మధ్యలో ఒక నిద్ర.

సీటు విషయంలో మొహమాటపడకు. ముందే టికెట్ తీసుకుంటే మధ్య వరస, మధ్య కుర్చీ దొరుకుతుంది. హాలు పొడవుని మూడు భాగాలు చేస్తే తెర నుంచి రెండు భాగాలు వెనక్కి వచ్చిన చోటు నా లెక్కలో మంచిది. సౌండ్ సరిచూసేవాళ్లు కూడా దాదాపు ఆ ప్రాంతాన్నే ఆధారంగా పెట్టుకుంటారు. మరీ ముందు వరసలో కూర్చుంటే మెడ నొప్పి ఒకటే కాదు బాధ. ఇవాళ్టి సినిమాల్లో చాలావాటికి తెర వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు ఉంటుంది. ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు మాట్లాడుకుంటుంటే టెన్నిస్ ఆట చూసినట్టు తల తిప్పుకుంటూ ఉండాలి. రాని భాష సినిమా అయితే ఇంకో రెండు వరసలు వెనక్కి జరుగు. కింద సబ్‌టైటిల్ నుంచి పైన మనిషి ముఖందాకా కన్ను వెళ్లిరావాలి, దూరం నుంచైతే ఆ ప్రయాణం చిన్నదవుతుంది.

చివర్లో పేర్లు పడుతున్నప్పుడు లేవకు. అంతా లేస్తారు, నువ్వు కూర్చో. మర్యాద కోసం చెప్పడం లేదు, అయితే అదీ తప్పు కాదు. ఆ నాలుగైదు నిమిషాల్లో బుర్ర తనంతట తాను సినిమాని సర్దుకుంటుంది. బయట వెలుగులోకి వచ్చి ఎవరితోనైనా "ఎలా ఉంది?" "బాగుంది" అనుకున్నామంటే ఆ సర్దుడు అక్కడితో ఆగిపోతుంది. బాగుంది అన్న మాట మూత లాంటిది.

ఇంటికొచ్చి చెప్పులు విడిచాక ముందు చేయాల్సింది రాయడం. కంప్యూటర్ తెరవకు, దయచేసి. తెరిచావంటే సైటు కనిపిస్తుంది, సైటు కనిపిస్తే ఆ పక్కకి జరిగిన గీత కనిపిస్తుంది. నోటుపుస్తకమో, కాగితమో తీసుకుని పావుగంట రాయి. కథ రాయకు. కథ అందరూ రాస్తారు. నీ కంటికి, నీ చెవికి మాత్రమే తగిలినవి రాయి. "అతను తలుపు వేసినప్పుడు చప్పుడు రాలేదు, ఎందుకు?" అని ఒక వాక్యం రాశావనుకో, మూడేళ్ల తర్వాత చదివినా ఆ గది మొత్తం తిరిగొస్తుంది. "ఛాయాగ్రహణం అద్భుతం" అని రాస్తే ఏమీ తిరిగిరాదు, ఎందుకంటే అది ఏ సినిమాకైనా అతుకుతుంది. ఎక్కడ మనసు పక్కకి పోయిందో కూడా రాయి. అది సినిమా తప్పో నీ తప్పో తర్వాత తేల్చుకోవచ్చు.

నక్షత్రాలు వేయకు. నేను వేసి చెడ్డాను. అయిదుకి మూడున్నర వేసిన సినిమాలు నా దగ్గర డెబ్భైకి పైగా ఉన్నాయి, వాటిలో ఏది ఎందుకు మూడున్నరో ఒక్కదానికీ చెప్పలేను. పైగా నక్షత్రాల బొమ్మ సగం నిండినట్టు ఎలా చూపించాలా అని ఒక ఆదివారం మొత్తం పోయింది. అలా సైటు నీ చేత సినిమా గురించి కాక బొమ్మ గురించి ఆలోచింపజేస్తుంది. ఇది గుర్తుపట్టడం నేర్చుకో.

ఆదివారం పొద్దున్న సైటు ముందు కూర్చో. అప్పుడు కూడా మొదట రాత్రి రాసిన కాగితాన్ని టైపు చేసి పేజీగా పెట్టేయ్. ఉన్న డిజైన్‌లోనే, ఉన్న రంగుల్లోనే. పేజీ పైకెక్కిన తర్వాతే చీటీ తీయి. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో చాలామంది సైట్లలో చూశాను. ముస్తాబు కొత్తగా ఉంటుంది, చివరిగా రాసినది మాత్రం రెండేళ్ల కిందటిది. దాని శీర్షిక తరచుగా "సైటుకి కొత్త రూపం" అనే ఉంటుంది. నా సైటు కూడా కొన్నాళ్లు ఆ జాబితాలో ఉంది.

నువ్వు తెలుగులో రాస్తున్నావు కాబట్టి, ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకి తగలని దెబ్బలు కొన్ని నీకు తగులుతాయి. ముందే చెబుతున్నాను. ఫైలుని యూటీఎఫ్-8గా (అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా దాచే పద్ధతి) సేవ్ చెయ్యి, ఆ సంగతి బ్రౌజర్‌కి చెప్పే లైనుని పేజీ పైభాగంలోనే పెట్టు. అది మొదటి 1024 బైట్లలోపే ఉండాలన్నది నియమం. దాని పైన పెద్ద వ్యాఖ్యో, పొడుగాటి స్క్రిప్టో పెట్టావంటే ఒక్కోసారి అక్షరాల బదులు పిచ్చిగీతలొస్తాయి, ఫాంటు తప్పనుకుని ఫాంటు వెంట పడతావు.

ఇంకోటి ఉంది, ఇది సరదాగా కూడా ఉంటుంది. మొదటి పేజీలో ఒక్కో వ్యాసం నుంచి కొన్ని అక్షరాలు మాత్రమే చూపించి మిగతాది కత్తిరించే ప్రోగ్రాం రాశానన్నావు కదా. అది అక్షరాలు ఎలా లెక్కపెడుతోందో చూసుకో. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే మొత్తం 18. బైట్ల లెక్కన కత్తిరిస్తే సంకేతం మధ్యలో తెగి చివర ప్రశ్నార్థకం పెట్టిన నల్లటి వజ్రం ఒకటి కనిపిస్తుంది. సంకేతాల లెక్కన కత్తిరించినా పొల్లు దగ్గర తెగి 'స్' అని మిగులుతుంది. మాట మధ్యలో కత్తెర పెట్టకుండా, కనిపించిన ఖాళీ దగ్గర తెంపు. నాలుగు అక్షరాలు అటూఇటూ అయినా చదివేవాళ్లకి ఇబ్బంది ఉండదు.

అదే కారణానికి పేజీ చిరునామాలు తెలుగులో పెట్టకు. పెట్టడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు, బ్రౌజర్ పైన ముద్దుగానే కనిపిస్తుంది. కాపీ చేసి ఎవరికైనా పంపినప్పుడు చూడు. ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా విచ్చుకుంటుంది. ఆ ఒక్క 'స్త్రీ' కాస్తా 54 గుర్తులవుతుంది. నాలుగు మాటల శీర్షిక పెడితే చిరునామా చాంతాడంత. రోమన్ లిపిలో చిన్న పేరు పెట్టుకో, పెట్టాక జన్మలో మార్చకు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ సంగతి మీద ఒక వ్యాసం రాశాడు. రచయిత పేరు, విషయం పేరు, ఫైలు రకం, ఇలా రేపు మారిపోగలవేవీ చిరునామాలో ఇరికించవద్దన్నాడు. నేను అది చదివింది నా 404ల మ్యాట్నీ అయిపోయాక. ఎప్పుడైనా తప్పక మార్చాల్సివస్తే, శాశ్వతంగా మారిందని చెప్పే 301 మళ్లింపు ముందు రాసి, తర్వాత పేరు మార్చు. ముందు, తర్వాత అన్న మాటల కింద గీత గీసుకో.

తెలుగుకి లైనుకీ లైనుకీ మధ్య చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్లలో పై లైను ఒత్తులు కింద లైను తలకట్లకి తగులుతుంటాయి. లైను ఎత్తు 1.7 దగ్గర పెట్టి చూడు, అక్షరం సైజు కూడా ఓ రెండు మెట్లు పెంచు.

ఫాంట్ల గురించి మాత్రం వినమ్మా. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లకి పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అనే పేర్లున్నాయి. శ్రీకృష్ణదేవరాయల పేరుతోనూ ఒకటుంది. నేనొక శనివారం రాయలవారితో సహా అందరినీ కొలువు తీర్చి, ఒక్కొక్కరి చేతా ఒకే పేరా చదివించుకుని, సాయంత్రానికి మొదట ఉన్న ఫాంటే మళ్లీ పెట్టాను. ఆ పేరా నేను రాసింది కూడా కాదు, ఎక్కడిదో నమూనా. ఫాంటు మార్చాలనిపిస్తే అదే ఆ వారం చీటీ మీద పని. గంట పెట్టుకో. గంటయ్యాక తెర మీద ఏ కవి ఉంటే ఆ కవే.

సినిమా గురించి రాసే పేజీలో కథలో మలుపు చెప్పక తప్పకపోతే దాన్ని దాచడానికి పెద్ద స్క్రిప్టులేమీ అక్కర్లేదు. డీటెయిల్స్, సమ్మరీ అని వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో రెండు ట్యాగులున్నాయి. సమ్మరీలో "ఇక్కడి నుంచి ముగింపు గురించి" అని రాసి, అసలు సంగతి డీటెయిల్స్‌లో పెట్టు. నొక్కినవాళ్లకే తెరుచుకుంటుంది. నీ చీటీకి ఈ వారం ఏ పనీ తట్టకపోతే ఇదే రాసుకో, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

ఫొటోలు పెడతావు కాబట్టి ఓ మాట. హాల్లో తెరని ఫొటో తీయకు, అది వేరే చెప్పాలా. బయట తీసినవైనా ఫోన్ ఇచ్చినవి ఇచ్చినట్టు ఎక్కించకు. 4000 × 3000 చుక్కల బొమ్మని 800 వెడల్పు ఉన్న చోట చూపిస్తే, అవసరమైనదానికి 25 రెట్లు చుక్కలు పంపుతున్నట్టు. చదివేవాళ్ల ఫోన్ పాపం అన్నీ దించుకుంటుంది. ఆ ఫైలు లోపల నువ్వు ఎక్కడ నిలబడి తీశావో కూడా రాసి ఉండొచ్చు, తగ్గించేటప్పుడే ఆ వివరాలు తీసేయ్. టికెట్ ఫొటో సరదా ఉంటే ఆట అయిపోయాకే, అదీ కోడ్ ఉన్న గడి కనపడకుండా.

ఆదివారం మధ్యాహ్నం దాటాక డొమైన్ సెట్టింగుల జోలికి అస్సలు పోవద్దు. సైటు పేరు ఏ సర్వర్‌ని చూపిస్తోందో చెప్పే ఆ చిట్టాని దారిలో ఉన్న యంత్రాలు కొంతకాలం గుర్తుపెట్టుకుంటాయి. ఎంతకాలమన్నది అక్కడే సెకన్లలో రాసి ఉంటుంది. 86400 అని ఉందనుకో, అది సరిగ్గా ఒక రోజు. అంటే ఆదివారం సాయంత్రం నువ్వు చేసిన తప్పు, వెంటనే దిద్దినా కొంతమందికి సోమవారం సాయంత్రందాకా తప్పుగానే కనిపిస్తుంది. అది నీకు మాత్రం బాగానే కనిపిస్తుండొచ్చు, అదింకా టెన్షన్. ఆ పని తప్పదనుకుంటే ముందురోజే ఆ అంకెని 300కి తగ్గించుకుని, మరో శనివారం పొద్దున్నే మొదలుపెట్టు, ఆ రోజు సినిమా పెట్టుకోకు.

ఇంత చెప్పాను కదా అని కెలకడమే తప్పనుకునేవు. కాదు. నాకు సినిమా ఎంత ఇష్టమో అదీ అంతే ఇష్టం. మన చేత్తో ఒక అంకె మార్చి, పేజీ మళ్లీ తెరిచి, అది మారడం చూడటంలో ఉన్న ఆనందం వేరు. 1993 ఏప్రిల్ 30న యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ వెబ్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించకపోయుంటే మనకీ ఆట ఉండేదో లేదో. ఆ తొలి వెబ్‌సైటుని 2013లో మళ్లీ దాని పాత చిరునామాలోనే తెరిచిపెట్టారు. ఒకసారి చూడు. రంగుల్లేవు, బొమ్మల్లేవు, మాటలూ లింకులూ ఉన్నాయి, ఇవాళ్టి బ్రౌజర్‌లోనూ చక్కగా తెరుచుకుంటుంది. మరోవైపు 2009లో జియోసిటీస్ అనే ఉచిత వేదికని మూసేసినప్పుడు లెక్కలేనంతమంది సొంత పేజీలు తెల్లారేసరికి లేకుండా పోయాయి. కొందరు ఔత్సాహికులు పట్టుబట్టి దాచినవి దాచారు. వేరేవాళ్ల స్థలంలో కట్టుకున్న ఇల్లు అది. నువ్వు సొంత డొమైన్ తీసుకున్నందుకు నాకు సంతోషంగా ఉంది, శుక్రవారం కాపీ గురించి అంత గట్టిగా చెప్పడమూ అందుకే.

అందుకని ఆదివారం చీటీ మీద పని ముగిశాక ఒక గంట ఊరికే కెలుక్కో. ఏ లక్ష్యమూ లేకుండా, శుక్రవారంది కాక విడిగా తీసుకున్న ఇంకో కాపీలో, ఎవరికీ కనపడని చోట. రంగులు తిరగేసి చూడు, పేజీ మొత్తం తలకిందులు చెయ్యి. ఆ గంటలో చేసినది సైటులోకి ఎక్కించకు. వచ్చేవారం చూసినా బాగుందనిపిస్తే అప్పుడు చీటీ మీదకి వస్తుంది. నావి పదిలో తొమ్మిది రాలేదు.

తర్వాత ల్యాప్‌టాప్ మూసి సినిమాకి వెళ్లు. ఎంతమంది చూశారన్న అంకెలు చూడకు, వాటికి ఈ వారాంతంలో చోటు లేదు.

మర్చిపోయాను, నీ సైటు నమ్మదగినదని బ్రౌజర్‌కి చూపించే సర్టిఫికెట్, ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థదే కదా. నువ్వు తీసుకున్నది 90 రోజుల్లో గడువు తీరే రకం. దానంతటదే పొడిగించుకునేలా పెట్టానన్నావు, మంచిదే. కానీ సర్టిఫికెట్ పెట్టిన రోజు నువ్వు రాసిన ఉత్తరంలో తేదీ చూసి లెక్కేస్తే, గడువు సరిగ్గా ఈ ఆదివారం సాయంత్రం ఆట వేళకి పడుతోంది. శుక్రవారం రాత్రే ఒకసారి చూసుకో. లేకపోతే మన కుటుంబంలో కథ తెలియని సినిమాలు రెండవుతాయి.

నీ
మామయ్య